ఇరవై ముంతల కల్లు, ఒక బల్బు

ఆ రోజుల్లో డిగ్రీ పాసైన వాళ్లకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. కనీసం మేమలా అనుకునేవాళ్లం. ఎనభైల్లో నేను బీఎస్సీ పూర్తి చేసినప్పుడు నా బుర్రలో విద్యుత్తంతా వరసల వారీగా పేర్చి ఉండేది. పరీక్షలో వోల్టేజి సోర్సుకూ కరెంటు సోర్సుకూ తేడా రాయమంటే రెండు పేజీలు నింపాను. లోడు ఎంత మారినా వోల్టేజి మారనిది మొదటిది, లోడు ఎంత మారినా కరెంటు మారనిది రెండోది. ఈ రెండు ముక్కలూ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. వాటి అర్థమేమిటని అడిగితే మాత్రం మళ్లీ నిద్రపోయేదాన్ని. అయితే అలా అడిగిన వాళ్లెవరూ లేకపోవడంతో నా చదువుకు ఏ లోటూ రాలేదు. అలాంటి చదువుతోనే ఇరవై రెండేళ్ల వయసులో సైన్సు టీచరుగా చేరాను.

పోస్టింగు భద్రాచలం వెళ్లే రోడ్డు మీద ఒక చోట బస్సు మారి, ఇంకో బస్సులో అడవి వైపు పోతే వచ్చే ఊళ్లో. (ఆ రెండో బస్సు పొద్దున ఒకసారి వచ్చి, పన్నెండింటికి తిరిగి వెళ్లేది. అది తప్పితే మర్నాడే.) మాది తల్లాడ దగ్గర వ్యవసాయం. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూమి కొన్నాడు. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి పోవడం అప్పటికి లేదు, అందులోనూ అడవిలోకి. బల్లి పడితే బావి దగ్గరికి పరుగెత్తే పిల్ల అక్కడ ఒంటరిగా ఎలా ఉంటుందని మా అమ్మ ఏడ్చింది. మా నాన్న ఏడవలేదు గానీ ఒక షరతు పెట్టాడు. "ఒక ఏడాది చూస్తా పాపా. వేసవి సెలవులిచ్చే రోజు నేనే వస్తా. నువ్వు నెగ్గుకొస్తున్నావనిపిస్తే సరే. లేదంటే ఆ బస్సుకే ఇంటికి తీసుకొచ్చేస్తా, మళ్లీ మాట్లాడకూడదు" అన్నాడు. మా నాన్న మాటంటే మాటే. సరేనన్నాను.

ఊరు మంచిది. బడి అంతకంటే మంచిది. మూడు గదులు, ఒక వరండా. సగం మంది పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లు, బళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు, నన్ను చూసి నవ్వడానికి మాత్రం రెండు భాషలూ వాడేవాళ్లు. ఊళ్లో కరెంటు ఉంది గానీ బడి దాకా రాలేదు. సైన్సు సామాను ఒక చెక్క పెట్టెలో పట్టేది. అందులో ఒక వోల్టుమీటరు, ఒక టార్చి బల్బు, దానికో హోల్డరు, ఒక అయస్కాంతం, ఒక ఖాళీ యాసిడ్ సీసా ఉండేవి. ఆ సీసాను నేను చేరిన వారానికే మా హెడ్మాస్టరు తీసుకుపోయి నీళ్లు పోసి మనీప్లాంటు పెట్టారు. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన గదిలో, మనీప్లాంటు పైన, ఎవరో పాత విద్యార్థి ఇచ్చిన సెల్లుతో నడిచే గోడగడియారం ఉండేది. నేను చేరేనాటికే అది ఏడుంబావుకు ఆగిపోయి ఉంది.

ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతికి విద్యుత్ ఘటం పాఠం చెప్పాను. యాసిడ్ లేదు కనుక ధైర్యంగా, "యాసిడే కానక్కర్లేదు, పుల్లటి రసం ఏదైనా సరే, అందులో రాగి ముక్క, జింకు ముక్క ముంచితే కరెంటు పుడుతుంది" అన్నాను. మూడో వరసలోని ఒక పిల్ల లేచి, పులిసిన కల్లుతో కూడా వస్తుందా అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, జవాబు కోసం చూస్తోంది. పుస్తకంలో కల్లు ప్రసక్తి లేదు. కానీ పుల్లటిదేదైనా అని నేనే అన్నాను, పైగా డిగ్రీ ఉంది. వస్తుందన్నాను. మరి చూపిస్తారా అంది. చూపిస్తానన్నాను. సాయంత్రానికల్లా టీచరమ్మ కల్లుతో లైటు వెలిగిస్తుందట అని ఊరంతా చెప్పుకుంది. పెద్దసారు నన్ను పిలిచి నేల చూపులు చూస్తూ, బడి చివరి రోజున ఊరి పెద్దల ముందు ఆ ప్రయోగమేదో చేయండి, కానీ బడి ఆవరణలో ఎవరూ గుటక వేయకూడదు, మీరే పూచీ, అన్నారు.

కల్లు ఇచ్చింది మోకు మామ. ఆయన తాటిచెట్లు గీసి కల్లు తీసేవాడు. అరవై ఏళ్ల వయసులోనూ నడుముకు మోకు తాడు బిగించి నిట్టనిలువు తాటిచెట్టును మెట్లెక్కినట్టు ఎక్కేవాడు, అందుకే ఆ పేరు. అమ్ముడుపోగా మిగిలి పులిసిపోయిన కల్లు ఎంత కావాలంటే అంత ఉచితమన్నాడు. ముంతలు కూడా ఆయనవే. (మా ఇంట్లో కల్లు అనే మాట పలికితే అమ్మ నోరు కడుక్కోమనేది. అలాంటి నేను ఒక మార్చి ఉదయాన బడి వరండాలో కూర్చుని, ఆయన ముంతలోకి కల్లు వంచుతుంటే, "ఇంకొంచెం పొయ్యండి మామా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.) అడవి దారుల్లో టార్చి లేకుండా ఎవరూ నడవరు కాబట్టి పాత సెల్లులకు కొదవ లేదు. వాటిని చీల్చి, లోపలి నల్లపొడి దులిపి, పై డొప్పలు కత్తిరిస్తే జింకు రేకులయ్యాయి. రాగి తీగ మా పొలంలో మోటారు కాలినప్పుడు తీసింది, ఇంటి నుంచి తెచ్చుకున్నదే. రెండూ ముంతలో పెట్టి మీటరు తగిలించాను. సూది లేచింది. ముప్పావు వోల్టు!

నేను ఎగిరి గంతేయనందుకు ఒకటే కారణం, మోకు మామ చూస్తున్నాడు. బల్బు మీద రెండున్నర వోల్టులని రాసి ఉంది. నాలుగు ముంతలు వరసగా కలిపితే మూడు వోల్టులు, లెక్క సరిపోయింది. నాలుగూ కలిపి మీటరు పెట్టి చూశాను, మూడు దగ్గరికి వచ్చింది. ఇక్కడే నా జీవితంలోని అత్యంత తెలివైన పని చేశాను. బల్బు పెట్టి చూడలేదు. ఎందుకంటే బడికి ఉన్నది ఒకటే బల్బు. మూడు వోల్టులకు అది మాడిపోతే చివరి రోజున ఏం వెలిగించాలి? అందుకని దాన్ని దూదిలో చుట్టి పెట్టెలో దాచి, నాన్నకు ఉత్తరం రాశాను. ఫలానా రోజున ఊరి పెద్దల సమక్షంలో ఒక రసాయన ద్రావణంతో దీపం వెలిగించబోతున్నాను, నువ్వు ఉదయం బస్సుకే తప్పక రావాలి, అని. రసాయన ద్రావణం అనే మాట కోసం అరగంట ఆలోచించాను.

ఆ రోజు రానే వచ్చింది. వరండాలో బల్లలు కలిపి ముంతలు పెట్టాను. ఎండకు అవి పొద్దున్నుంచే పొంగుతున్నాయి. ముందు వరసలో ఊరి పెద్దలు, వెనక పిల్లలు, పక్కన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్న పెద్దసారు. మోకు మామ నా పక్కనే చేతిలో కల్లు బిందెతో నిలబడ్డాడు, తక్కువైతే పోద్దామని. సరిగ్గా అప్పుడు మా నాన్న గేటులోకి వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు, చేతిలో మా అమ్మ పంపిన సున్నుండల డబ్బా. నేను పొద్దున్నే ఇంకొన్ని పాత సెల్లులు చీల్చి నల్లబడిన చేతులతో, చీర కుచ్చిళ్లు ఎగదోపి, కల్లు ముంతల మధ్య నిలబడి ఉన్నాను. ఆయన గాలి పీల్చాడు. ముంతల్ని చూశాడు, బిందెను చూశాడు, నన్ను చూశాడు. నేరుగా వచ్చి చివరి కుర్చీలో కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మీటరు చూపించాను. సూది మూడు దగ్గర నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను దూది విప్పి, బల్బును అందరికీ చూపించి, హోల్డరులో బిగించి, తీగలు తగిలించాను. ఏమీ కాలేదు. వెలుతురెక్కువై కనబడటం లేదేమో అని పెద్దసారు తన రుమాలు తీసి బల్బుకు అడ్డం పట్టారు. (ఆ ఒక్కపనికి నేను ఆయనకు జీవితాంతం రుణపడి ఉన్నాను.) రుమాలు కిందా ఏమీ లేదు. వోల్టేజి చాలలేదన్నమాట అన్నాను తేలిగ్గా. మోకు మామ ఇంకో నాలుగు ముంతలు నింపాడు. సూది ఆరు చూపింది, బల్బు ఏమీ చూపలేదు. ఇంకో ఆరు. ఊళ్లోంచి ముంతలు తెప్పించారు. చివరికి ఇరవై ముంతలు వరండా ఈ మూల నుంచి ఆ మూల దాకా రైలులా నిలబడ్డాయి. మీటరు పద్నాలుగు దాటింది. పద్నాలుగు వోల్టులకు ఆ బల్బు పేలిపోవాలి. అది కనీసం ఎర్రబడను కూడా లేదు. మీటరు అలాగే ఉంచి బల్బు తగిలిస్తే మాత్రం సూది చల్లగా సున్నా మీదికి వచ్చి పడుకుంటోంది, తీసేస్తే లేచి కూర్చుంటోంది. ముందు వరసలో ఒక ముసలాయన, ఇప్పుడా కల్లు తాగితే షాక్ కొడుతుందా లేదా, అది ముందు చెప్పమన్నాడు. లోహాలు ముంచింది తాగకూడదన్నాను. ఇరవై ముంతలు నేలపాలేనా అని ఆయన బాధపడ్డాడు. నా బాధ ఎవరూ అడగలేదు.

నాన్న లేచి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "బట్టలు సర్దుకో పాపా. పన్నెండింటి బస్సుకు పోదాం" అన్నాడు. కోపంగా అనలేదు. జ్వరం వచ్చిన పిల్లను ఇంటికి తీసుకుపోయేటప్పుడు అన్నట్టు అన్నాడు. ఆ జాలితోనే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్లీ ఈ మాట ఎత్తడానికి వీల్లేదు, ఒప్పుకున్నాను కదా. ఈ గదులు, ఈ పిల్లలు, నవ్వకుండా ప్రశ్న అడిగిన ఆ మూడో వరస పిల్ల, అన్నీ అయిపోయినట్టే. వరండా చివర అరుగు మీద కూలబడి, పొడి అంటిన చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. దాంతో ముఖం కూడా నల్లబడిందని తర్వాత తెలిసింది.

మోకు మామ బిందె దించి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "టీచరమ్మా, నాకు మీ సూది సంగతి ఎరుక లేదు. చెట్టు సంగతి ఎరుక. చెట్టు దినానికి ఇచ్చేది గింత అని ఉంటది. చిన్న లొట్టి, గదే కల్లు కుండ, కట్టినా గంతే, పెద్ద లొట్టి కట్టినా గంతే. లొట్టే కట్టకపోతే కారి కింద పడతది గని ఆగదు. మీ బల్బు పెద్ద లొట్టి. మీరేమో చెట్టు మీద చెట్టు ఎక్కిస్తున్నరు. ఎత్తు పెరుగుతది గని కల్లు పెరుగుతదా? మాకు ఎక్కువ గావాల్నంటే పది చెట్లది ఒక్క బిందెల పోస్తం" అన్నాడు.

చెట్టు మీద చెట్టు. వరసగా కలపడమంటే అదే కదా. రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్న కరెంటు సోర్సు నా ఎదుట తాటిచెట్టై నిలబడింది. ఏ కుండ కట్టినా తన ధార మార్చుకోనిది! లోపల కరెంటుకు అడ్డు ఎక్కువగా ఉన్న నా ముంతలు ఆ జాతివే, సన్నటి ధార తప్ప ఇవ్వలేవు. మరి మీటరు పద్నాలుగెలా చూపింది అనుకుంటూ ఉండగానే వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన తువ్వాలు నడుముకు చుట్టుకుంటున్నాడు.

"మా మోటార్లకాడ ఇదే బాధయ్యా" అన్నాడు మోకు మామతో. "ఎవరూ వేయకముందు మీటరు చూస్తే నిండుగా ఉంటది. ఊరందరూ మోటార్లు వేశారా, లైటు గుడ్డిదయిపోద్ది. అడగనంత సేపు అందరూ పెద్దమనుషులే."

"అవ్ పటేలా. అడిగితేనే ఎరుకైతది" అన్నాడు మోకు మామ.

నా మీటరు ముంతల్ని దాదాపు ఏమీ అడగలేదు, అందుకే అవి నిండుగా కనిపించాయి. బల్బు అడిగింది, అవి తలదించుకున్నాయి. నాలుగేళ్ల డిగ్రీ (మూడేళ్లదే, నాకు నాలుగు పట్టింది, ఆ కథ వేరే) చెప్పలేనిది కల్లుగీత, వరిసాగు కలిసి అరుగు మీద ఐదు నిమిషాల్లో చెప్పేశాయి. పది చెట్లది ఒక్క బిందెలో పోద్దామన్నాను. అంటే పది ముంతల రాగి తీగలన్నీ ఒక చోటికి, జింకు రేకులన్నీ ఒక చోటికి కట్టాలి. అలాంటి జట్లు రెండు చేసి ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. వోల్టేజి ఒకటిన్నరే వస్తుంది, కానీ ధార పది రెట్లు. కట్టాల్సిన ముళ్లు నలభై, ప్రతి తీగ మీదా లక్క పూత గీకాలి. నాన్న జేబులోంచి చాకు తీశాడు. ఆ తీగను ఇటూ అటూ తిప్పి చూసి, "ఇది మన మోటారుదేనా?" అన్నాడు. అవునన్నాను. అరుగు మీద మఠం వేసుకుని గీకడం మొదలుపెట్టాడు. కల్లు అనే మాట వినడానికి ఇష్టపడని మనిషి మోచేతుల దాకా కల్లుతో, పక్కన మోకు మామ తన గీత కత్తితో, ఇద్దరూ వర్షాల గురించి మాట్లాడుకుంటూ గీకారు.

అంతా అయ్యాక బల్బు పెట్టాను. వెలగలేదు. అది పది చెట్లక్కూడా పెద్ద లొట్టే. కానీ ఈసారి నాకు భయం వేయలేదు. చిన్న లొట్టి ఏదుందా అని చుట్టూ చూశాను. కిటికీలోంచి పెద్దసారు గది గోడ మీద ఏడుంబావు కనిపించింది. గడియారానికి కావాల్సింది ఒకే సెల్లు, ఒకటిన్నర వోల్టు. ఆ సెల్లు ఏళ్ల తరబడి నడుస్తుందంటే అది అడిగేది సెకనుకో చుక్క మాత్రమే. పెద్దసారు అడ్డుపడకముందే దించుకొచ్చి, పాత సెల్లు తీసి, ఆ చోట రెండు తీగలు ఆనించాను. సెకన్ల ముల్లు ఒకసారి వణికింది. ఆగింది. చేయి సరిచేసి గట్టిగా నొక్కాను. టక్. టక్. టక్.

ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా ఊరు ఊరంతా దాన్నే చూసింది. ఆ ముసలాయన మెల్లగా, కల్లు తాగి ఇంత తిన్నగా నడిచేది ఈ ఊళ్లో ఇదొక్కటే అన్నాడు. అప్పుడు అందరూ గొల్లున నవ్వారు. మూడో వరస పిల్ల ముందుకొచ్చి, తీగలు తాను పట్టుకుంటానంది. ఇచ్చాను. పెద్దసారు టైము సరిచేయడానికి తన చేతి గడియారం కోసం వెతుక్కుంటుంటే నాన్న తన వాచీ చూసి, "పన్నెండూ ఇరవై" అన్నాడు. అన్నాక మళ్లీ వాచీ చూసుకున్నాడు. బస్సు వెళ్లిపోయి ఇరవై నిమిషాలైంది.

ఆ రాత్రి నాన్న పెద్దసారు ఇంట్లో పడుకున్నాడు. మర్నాడు బస్సు దగ్గరికి నేను సర్దుకున్న సంచీతోనే వెళ్లాను, ఎలాగూ సెలవులే కదా, ఇద్దరం కలిసే తల్లాడ పోతున్నాం. మళ్లీ ఈ దారిన వస్తానో రానో తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. బస్సు కదిలి, తాటిచెట్ల వరస దాటాక, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "బడి మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?" అన్నాడు. జూన్‌లో అన్నాను. "తొలకరి పనులుంటాయి. రెండు రోజులు ముందే దింపి వస్తాలే" అన్నాడు. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఈసారి చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

ఇంటికెళ్లాక అమ్మ అడిగింది, పిల్ల ఏం వెలిగించిందని. నాన్న కాళ్లు కడుక్కుంటూ, తల కూడా ఎత్తకుండా, "దీపం కాదే, గడియారం నడిపింది. ఏదో రసాయన ద్రావణంతో" అన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. తాను పోయేదాకా నాన్న ఆ మాట మార్చలేదు, అమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఊళ్లో ఆరేళ్లు, ఆ తర్వాత వేరే ఊళ్లలో ఇంకా చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. కరెంటు సోర్సు దగ్గరికి వచ్చినప్పుడల్లా బోర్డు మీద తాటిచెట్టు బొమ్మ వేసేదాన్ని. ఒకసారి తనిఖీకి వచ్చినాయన అది వృక్షశాస్త్రమా అని కూడా అడిగారు. బల్బు నా దగ్గరే ఉండిపోయింది, బదిలీ అయినప్పుడు పెద్దసారు దూదితో సహా చేతిలో పెట్టారు. అప్పుడప్పుడు బీరువా సర్దుతుంటే కనబడుతుంది. వెలగని బల్బు మాడిపోతుందేమోనని బెంగపడి, నాన్న ముందు ఎక్కడ తక్కువవుతానో అని ఇరవై ముంతలు పేర్చిన ఆ పిచ్చిపిల్ల మీద నాకిప్పుడు కోపం రాదు, ముద్దొస్తుంది. ఇంట్లో కొత్త సెల్లులు ఎప్పుడూ ఉంటాయి. దాన్ని ఒక్కసారి వెలిగించి చూద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఎందుకో మళ్లీ దూదిలోనే చుట్టి పెట్టేస్తాను.